పిల్లల నడకంత బడి, తీగ సాగినంత ఫోను

1920 ప్రాంతంలో కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో ఒక రైతు ఇంటిని తీసుకుందాం. పొలం 160 ఎకరాలు. ఇల్లు ఆ పొలంలోనే ఉంటుంది. పక్కింటి వాళ్ళతో మాట్లాడాలంటే అర మైలో మైలో నడవాలి. వీధి, రచ్చబండ, ఊరి చెరువు ఇవేవీ ఉండవు. అయినా ఆ ఇల్లు నాలుగు రకాల సరిహద్దుల మధ్య ఇరుక్కుని ఉండేది. పిల్లలు చదివే బడిది ఒక ‘స్కూల్ డిస్ట్రిక్ట్’. రోడ్లు వేసేది, పన్ను వసూలు చేసేది ‘రూరల్ మున్సిపాలిటీ’. గోడకున్న ఫోను ఇంకో కంపెనీది. ఉత్తరాలు వచ్చే పోస్టాఫీసు మరో చోట. నాలుగింటికీ వేర్వేరు పేర్లు. ఒక్కోసారి రెండింటికి ఒకే పేరు ఉండేది గానీ, ఆ రెండింటి హద్దులు మాత్రం కలిసేవి కావు.

పూర్వీకుల చరిత్ర వెతుక్కునేవాళ్ళు సరిగ్గా ఇక్కడే దారి తప్పుతుంటారు. ‘మా తాత ఫలానా చోట చదివాడట’ అని ఆ పేరు పట్టుకుని మ్యాపంతా గాలిస్తారు. అలాంటి ఊరే కనిపించదు. ఎందుకంటే అది ఊరి పేరు కాదు, ఒక గది బడి పేరు. దాని చుట్టూ ఉన్న పాతిక ముప్ఫై ఇళ్ళకు అదే ఊరి పేరులా చెల్లుబాటైంది.

ఈ నాలుగింటిలో నేను రెండింటి గురించే చెబుతాను, బడి జిల్లా గురించి, ఫోను కంపెనీ గురించి. చదువుకీ ఫోనుకీ ఏం సంబంధం అనిపించొచ్చు. రెండింటినీ నడిపింది ఒకే రైతులు. సాయంత్రం పాలు పితికాక అదే వంటింటి బల్ల చుట్టూ కూర్చుని, ఒక రోజు బడి లెక్కలు, ఇంకో రోజు తీగల లెక్కలు చూసుకున్నారు. రెండింటికీ చివరికి డబ్బు వచ్చింది ఒకే చోటు నుంచి. అది భూమి. ఆ సంగతి పట్టుకుంటే ఇవి ఎందుకు పుట్టాయో, 1930లలో రెండూ ఒకేసారి ఎందుకు కుప్పకూలాయో, ఆ తర్వాత ఒకటి ముందు పోయి ఇంకోటి చాలాకాలం ఎందుకు నిలబడిందో తెలుస్తుంది.

గళ్ళ నోటుబుక్కులా కోసిన నేల

కెనడా ప్రభుత్వం 1872లో డొమీనియన్ ల్యాండ్స్ చట్టం తెచ్చింది. దాని కింద ప్రెయిరీ మైదానాలను సర్వేయర్లు గళ్ళ కాగితంలా కోశారు. ఆరు మైళ్ళ పొడవు, ఆరు మైళ్ళ వెడల్పు ఉన్న పెద్ద గడి పేరు టౌన్‌షిప్. అందులో చదరపు మైలు చొప్పున 36 సెక్షన్లు. సెక్షనుకి 640 ఎకరాలు. అందులో నాలుగో వంతు, అంటే 160 ఎకరాలు, పది డాలర్ల ఫీజు కట్టి, అక్కడే నివాసం ఉండి, కొంత నేల దున్ని సాగులోకి తెచ్చిన రైతుకు దక్కేది.

సెక్షన్లన్నీ రైతులకే ఇవ్వలేదు. స్థూలంగా చెప్పాలంటే సరి అంకెలవి రైతులకు, బేసి అంకెలవి రైలు కంపెనీలకు. సరి అంకెల్లోనూ 8, 26 నంబర్లు హడ్సన్ బే కంపెనీ అనే పాత బొచ్చు వ్యాపార సంస్థకు పోయాయి. బేసి అంకెల్లో 11, 29 నంబర్లను బడుల కోసం పక్కన పెట్టారు. లెక్కేస్తే ఒక టౌన్‌షిప్‌లో ఉచిత భూమి దక్కే కుటుంబాలు దాదాపు 64. ఇరవై మూడు వేల ఎకరాలకు 64 ఇళ్ళు! గోదావరి జిల్లాల్లో ఒక వీధికి ఉండే ఇళ్ళవి.

ఈ నేల ఖాళీగా పడి ఉన్నది కాదు. క్రీ, సొటో, అసినిబోయిన్ ప్రజలది. 1874 నాటి నాలుగో ఒప్పందం, 1876 నాటి ఆరో ఒప్పందం వంటి వాటితో వాళ్ళను రిజర్వులకు నెట్టాకే ఈ గళ్ళు గీశారు. ఒప్పందాల్లో బడి పెడతామన్న మాట కూడా ఉంది. తీరా వాళ్ళ పిల్లలకు దక్కింది ఇంటి పక్క బడి కాదు. కన్నవాళ్ళ నుంచి విడదీసి, చర్చిలు నడిపే రెసిడెన్షియల్ స్కూళ్ళలో పెట్టారు. వలస వచ్చిన రైతు తన పిల్లల బడికి తానే కమిటీ మెంబరై, టీచర్ని తానే ఎంచుకుంటున్న రోజుల్లోనే, పక్క రిజర్వులోని తండ్రికి తన బిడ్డ ఏ బడికి పోవాలో చెప్పే హక్కు లేకుండా పోయింది. ప్రెయిరీ బడుల గురించి ముచ్చటగా చెప్పుకునేటప్పుడు ఈ సగాన్ని వదిలేస్తే చరిత్ర అబద్ధమవుతుంది.

బడి సెక్షన్లో బడి ఉండదు

11, 29 నంబర్లు బడి సెక్షన్లు కాబట్టి బడులు అక్కడే కట్టి ఉంటారని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఆ భూముల్ని అమ్మి, కౌలుకిచ్చి, వచ్చిన సొమ్మును ఒక నిధిలో వేసేవారు. ఆ నిధి మీద వచ్చిన ఆదాయం రాష్ట్రానికి చేరేది, అక్కడి నుంచి గ్రాంట్ల రూపంలో బడులకు వెళ్ళేది. ఈ భూముల పెత్తనం 1930 దాకా కేంద్ర ప్రభుత్వం చేతిలోనే ఉంది. కాబట్టి మీ పొలం పక్కనే బడి సెక్షన్ ఉన్నా, దాని డబ్బు నేరుగా మీ బడికి వచ్చేది కాదు.

మరి బడి ఎక్కడ కట్టేవారు? పిల్లలు నడిచి రాగలిగినంత దూరంలో. బడి జిల్లాలకు పునాది 1884లో, ఇంకా రాష్ట్రాలు ఏర్పడక ముందే, వాయవ్య భూభాగాల ప్రభుత్వం తెచ్చిన చట్టం. తర్వాతి సవరణలతో స్థిరపడిన పద్ధతి ఇది: జిల్లా పొడవు గానీ వెడల్పు గానీ ఐదు మైళ్ళు దాటకూడదు. పన్ను కట్టే కుటుంబాలు కనీసం నాలుగు, బడి ఈడు పిల్లలు పది పన్నెండు మంది ఉండాలి. అంతే. నలుగురు రైతులు కూడబలుక్కుని అర్జీ పెట్టుకుంటే ఒక జిల్లా పుట్టేది. దానికి ఒక పేరు, ఒక నంబరు వచ్చేవి. ముగ్గురు ట్రస్టీలను ఎన్నుకునేవారు. లెక్కలు, ఉత్తరాలు చూడటానికి ఒక సెక్రటరీ ఉండేవాడు.

మన జిల్లా పరిషత్తులు, మండలాలు తెలిసిన వాళ్ళకి ‘జిల్లా’ అనే మాట ఇక్కడ తికమక పెడుతుంది. ఈ జిల్లా అంటే ఒకే ఒక్క గది బడి, దాని చుట్టూ ఇరవై చదరపు మైళ్ళు. మన భాషలో చెప్పాలంటే ఏకోపాధ్యాయ పాఠశాల. తేడా ఏమిటంటే, ఆ బడి వెనకున్న కమిటీకి పన్ను వేసే అధికారం ఉంది, డిబెంచర్లు, అంటే వడ్డీ ఇచ్చే అప్పు పత్రాలు, అమ్మి అప్పు తెచ్చుకునే అధికారం ఉంది, టీచర్ని పెట్టుకునే తీసేసే అధికారం ఉంది. అంటే అదొక బుల్లి ప్రభుత్వం. 1905లో సస్కాచెవాన్ రాష్ట్రం ఏర్పడేనాటికి ఇలాంటివి వెయ్యికి అటూ ఇటూ ఉండేవి. నలభై ఏళ్ళు తిరిగేసరికి ఐదు వేలకు చేరాయి.

పన్ను వేసే అధికారం కాగితం మీద ఉండటం వేరు, పన్ను రావడం వేరు. కెనడియన్ పసిఫిక్ రైల్వేతో ప్రభుత్వం 1880లో కుదుర్చుకుని, 1881లో పార్లమెంటు ఆమోదించిన ఒప్పందంలో ఒక షరతు ఉంది. కంపెనీకి దానంగా ఇచ్చిన భూముల్ని అది అమ్మేదాకా, లేదా ఎవరైనా వాటిలో కాపురం పెట్టేదాకా, 20 ఏళ్ళ పాటు పన్ను ఉండదు. దీని అర్థం రైతుకి రోజూ కళ్ళ ముందు కనిపించేది. తన పొలం పక్కనున్న సెక్షన్ రైల్వేది, గడ్డి తప్ప ఏమీ మొలవదు, పైసా పన్ను రాదు. ఆ గడ్డి మైదానం దాటుకుని పిల్లలు ఒక మైలు ఎక్కువ నడవాలి, ఆ మైలుకు రోడ్డు వేసే ఖర్చూ తనే మోయాలి. ప్రెయిరీ రైతుకు రైల్వే కంపెనీ అంటే ఒళ్ళు మండటానికి ధాన్యం రవాణా చార్జీలు ఒక్కటే కారణం కాదు. బడి పన్నులోనూ ఆ మంట ఉంది.

జనవరిలో ఒక బడి రోజు ఎలా ఉండేదో చూడండి. బయట సున్నా కంటే ముప్ఫై డిగ్రీలు తక్కువ. టీచరమ్మ వయసు పంతొమ్మిదో ఇరవయ్యో. దగ్గర్లోని ఒక రైతు ఇంట్లో అద్దెకుంటుంది. అందరికంటే ముందు వచ్చి పొయ్యి రాజేయాలి, లేదా కొద్దిపాటి డబ్బు మీద ఆ పని ఒప్పుకున్న పెద్ద పిల్లాడు రాజేస్తాడు. సిరా సీసా గడ్డకట్టి ఉంటుంది, దాన్ని పొయ్యి దగ్గర పెడతారు. పొయ్యి పక్క బల్లల వాళ్ళకు చెమటలు పడుతుంటాయి, గోడ వారన కూర్చున్న వాళ్ళు కోట్లు విప్పరు. గుర్రాల మీద, బండి మీద వచ్చిన పిల్లలు వాటిని బడి వెనక కొట్టంలో కట్టేస్తారు. ఒకటో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా అందరూ ఒకే గదిలో. టీచరు మూడో తరగతికి లెక్కలు చెబుతుంటే రెండో తరగతి వాడు అవి కూడా వింటూ పెరుగుతాడు. చలి మరీ ముదిరితే కొన్ని జిల్లాల్లో బడి నెలల తరబడి మూసేసేవారు, డబ్బుల్లేక కూడా మూసేవారు.

ఆ గదిలోనే ఓట్లు వేశారు, నాట్యాలు చేశారు, చర్చి లేని చోట ప్రార్థనలు చేశారు. ధాన్యం రైతుల సంఘం మీటింగులు పెట్టుకున్నదీ అక్కడే. బడి కమిటీ మీద పట్టు అంటే ఆ చుట్టుపక్కల జీవితం మీద పట్టు. అందుకే భాష గొడవలు కూడా ఇక్కడే రగిలాయి. ఉక్రేనియన్, జర్మన్ కుటుంబాలు ఎక్కువగా ఉన్న జిల్లాల్లో ట్రస్టీలు తమ భాష తెలిసిన టీచర్ని తెచ్చుకునేవారు. మొదటి ప్రపంచ యుద్ధం తెచ్చిన వేడిలో మానిటోబా 1916లో రెండు భాషల బడులను రద్దు చేసింది. సస్కాచెవాన్ 1918లో ఇంగ్లీషును తప్పనిసరి చేసి, ఫ్రెంచికి మాత్రం కాస్త చోటు మిగిల్చింది. తమ జర్మన్ బడుల్ని వదులుకోలేని మెనొనైట్ అనే క్రైస్తవ శాఖ తల్లిదండ్రులు జరిమానాలు కట్టారు. వాళ్ళలో వేల మంది 1922 నుంచి మెక్సికోకు తరలిపోయారు. చేతిలో ఉన్న చిన్న ప్రభుత్వం నిజంగా ఎంతవరకు తమదో ఆ కుటుంబాలకు అప్పుడు తెలిసింది.

ఫోను సంగతి వేరేలా మొదలైంది

పట్నాల్లో టెలిఫోన్ బెల్ కంపెనీ చేతిలో ఉండేది. పొలాల మధ్య ఒక్కో ఇంటికి మైలు తీగ లాగడం ఆ కంపెనీకి గిట్టుబాటు కాదు. అది న్యాయమైన వ్యాపార లెక్కే, కానీ మంచు తుపానులో బిడ్డకు జ్వరం వస్తే డాక్టర్ని పిలవలేని తల్లికి ఆ లెక్క పనికిరాదు. 1900 తర్వాత ‘ఫోను జనానిది కావాలి’ అనే ఉద్యమం ప్రెయిరీలో బాగా బలపడింది. మూడు రాష్ట్రాలూ బెల్ ఆస్తుల్ని కొనేశాయి. మానిటోబా, అల్బర్టా 1908లో, సస్కాచెవాన్ 1909లో.

కొన్న తర్వాత ఎవరు ఏం చేశారన్నదే అసలు కథ. మానిటోబా, అల్బర్టా ప్రభుత్వాలు పల్లె తీగలు కూడా తామే వేయడానికి పూనుకున్నాయి. అప్పులు పెరిగాయి. మానిటోబాలో 1912కల్లా విచారణ కమిషన్ వేయాల్సి వచ్చింది. సస్కాచెవాన్ వేరే దారి పట్టింది. ఆ రాష్ట్ర ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) వాల్టర్ స్కాట్ ప్రభుత్వం ఫ్రాన్సిస్ డాగర్ అనే టెలిఫోన్ నిపుణుడి సలహా తీసుకుని, 1908లో చట్టాలు చేసింది. పట్నాల ఎక్స్ఛేంజీలు, దూరప్రాంతాల లైన్లు సర్కారువి. పల్లెల్లో మాత్రం రైతులే కంపెనీలు పెట్టుకోవాలి. మొదట్లో స్తంభాలు సర్కారు ఉచితంగా ఇచ్చేది. గుంతలు తవ్వడం, స్తంభాలు పాతడం, తీగ లాగడం రైతుల పని.

ఇక్కడ ‘కంపెనీ’ అన్న మాట ఇంకో తికమక. లాభం పంచుకునే కంపెనీలు కావివి. పదిహేనో ఇరవయ్యో ఇళ్ళ వాళ్ళు వాటాలు వేసుకుని, ఫోను వాడుకోవడానికి పెట్టుకున్న సంఘాలు. వాటాదారు, చందాదారు, తీగ తెగితే నిచ్చెనెక్కే లైన్‌మ్యాన్, చాలా చోట్ల ముగ్గురూ ఒకడే.

1913లో ఒక పెద్ద మార్పు వచ్చింది. అంతవరకూ వాటా సొమ్ము పెట్టగలిగినవాళ్ళే కంపెనీలో చేరేవారు, పెట్టలేనివాళ్ళు మిగిలిపోయేవారు. కొత్త చట్టం ప్రకారం కంపెనీ డిబెంచర్లు అమ్మి అప్పు తెచ్చుకోవచ్చు, ఆ అప్పు తీర్చడానికి తీగ వెళ్ళే దారి వెంట ఉన్న పొలాల మీద పన్ను వేయవచ్చు. అంటే ఫోను కంపెనీ కూడా బడి జిల్లా లాంటిదే అయిపోయింది. నా దృష్టిలో ఈ కథ మొత్తానికి కీలు ఇదే. నగదు లేని రైతుకు నేల ఉంది. ఆ నేలను పూచీ పెట్టి, ముప్ఫై మంది కలిసి అప్పు తెచ్చుకుని, ముందు బడి కట్టుకున్నారు. తర్వాత అదే కిటుకుతో ఫోను తెచ్చుకున్నారు. ఆ తర్వాత కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. సస్కాచెవాన్ ఒక్క రాష్ట్రంలోనే వాటి సంఖ్య వెయ్యి దాటింది.

మరి హద్దులు ఎందుకు కలవలేదు? బడి హద్దు గీసింది పిల్లల కాళ్ళు. అందుకే బడి మధ్యలో ఉండి, జిల్లా దాని చుట్టూ చతురస్రంలా ఉంటుంది. ఫోను హద్దు గీసింది రైల్వే. ధాన్యం నిల్వ చేసే ఎలివేటర్, కొట్టు, డాక్టరు, పోస్టాఫీసు ఉండే చిన్న టౌన్లు రైలు పట్టాల వెంట ఏడెనిమిది మైళ్ళకొకటి లేచాయి. రైతు మాట్లాడాలనుకునేది ఆ టౌనుతోనే. కాబట్టి స్విచ్‌బోర్డు అక్కడ పెట్టి, తీగల్ని సాలెగూడు పోగుల్లా పొలాల్లోకి లాగారు. ఒకే బడిలో చదివే ఇద్దరు పిల్లల ఇళ్ళు, ఇద్దరూ పక్క పక్క బల్లల మీదే కూర్చున్నా, రెండు వేర్వేరు కంపెనీల తీగల మీద ఉండటం మామూలే. ఇక రూరల్ మున్సిపాలిటీ దేనికీ సంబంధం లేకుండా 18 మైళ్ళకు 18 మైళ్ళు, తొమ్మిది టౌన్‌షిప్పుల పెద్ద చతురస్రం. బడి పన్ను వసూలు చేసి బడి జిల్లాకు అప్పజెప్పాల్సింది మాత్రం అదే.

రెండు పొడవు, ఒక పొట్టి

ఆ ఫోను పనితనం తెలిస్తే ఆ కాలం మనుషులు కళ్ళకు కడతారు. గోడకు ఓక్ చెక్క పెట్టె. కుడి పక్కన తిప్పే పిడి. పెట్టెలో రెండో మూడో డ్రై సెల్ బ్యాటరీలు. బ్యాటరీ మన మాటను తీగ మీదికి ఎక్కిస్తుంది, గంట మోగించేది మాత్రం పిడి తిప్పితే తిరిగే చిన్న జనరేటర్. ఒకరు తిప్పితే ఆ లైను మీదున్న పది పన్నెండు ఇళ్ళలోనూ గంట మోగుతుంది. ఎవరి కోసమో తెలిసేది మోగిన తీరును బట్టి. ఒకరికి రెండు పొడవు ఒక పొట్టి, ఇంకొకరికి ఒక పొడవు మూడు పొట్టి. ఆగకుండా ఒకటే పొడవు గంట మోగితే అది అందరికీ. మంటలు వస్తున్నాయనో, ఎవరి పిల్లాడో తప్పిపోయాడనో.

మన దగ్గర పోస్టాఫీసులో ట్రంక్ కాల్ బుక్ చేసి కాచుకున్న తరానికి ఫోను అంటే గుట్టుగా, గబగబా మాట్లాడే వస్తువు. ఇక్కడ గుట్టు అన్నదే లేదు. గంట ఎవరికి మోగినా రిసీవరు ఎత్తి వినొచ్చు, చాలామంది వినేవారు కూడా. ఎంతమంది ఎత్తితే మాట అంత బలహీనపడుతుంది, ఎందుకంటే ఉన్న కాస్త కరెంటును అందరూ పంచుకుంటున్నారు. ‘కొంచెం ఫోన్లు పెట్టండమ్మా, నాకు డాక్టరు మాట వినపడటం లేదు’ అని అడిగితే క్లిక్ క్లిక్ మని ఒక్కొక్కరే పెట్టేసేవారు. దీన్ని చాడీల యంత్రం అని తీసిపారేయడం నాకు నచ్చదు. నెలల తరబడి మంచులో ఒంటరిగా ఉన్న ఇల్లాలికి రోజుకోసారి పొరుగు గొంతు వినడం ఎంత పెద్ద విషయమో ఆ చలి చూసిన వాళ్ళకే అర్థమవుతుంది.

ఖర్చు తగ్గించడానికి చాలా చోట్ల ఒక్కటే ఇనుప తీగ లాగారు, రెండో తీగ పని భూమితో చేయించారు. ఇది తర్వాత కొంప ముంచింది. దాని గురించి కాసేపట్లో.

నేల ఎండితే అన్నీ ఎండాయి

భూమి మీద నిలబెట్టిన ఏర్పాటుకు ఒక్కటే బలహీనత. ఆ భూమి పండకపోతే అన్నీ ఒకేసారి పోతాయి. 1929 తర్వాత గోధుమ ధర పడిపోయింది. 1932 డిసెంబరుకల్లా బుషెల్ (సుమారు 27 కిలోలు) 40 సెంట్ల లోపుకి దిగింది. దానికి తోడు కరువు, దుమ్ము తుపానులు, మిడతలు. 1928 నుంచి 1933 మధ్య సస్కాచెవాన్‌లో తలసరి ఆదాయం 72 శాతం పడిపోయింది. కెనడాలో మరే రాష్ట్రమూ అంత దెబ్బ తినలేదు.

పన్నులు రాలేదు. బడి జిల్లాలు టీచర్లకు జీతం బదులు ప్రామిసరీ నోట్లు రాసిచ్చాయి. కొందరు టీచర్లు తిండీ పడకా దొరికితే చాలనుకుని పనిచేశారు. 1933లో పుట్టిన సస్కాచెవాన్ టీచర్స్ ఫెడరేషన్ వెనక ఉన్నది ఆ బాధే. ఫోను కంపెనీలదీ అదే గతి. చందా కట్టలేక రైతులు ఫోన్లు తీసేయించారు, కుళ్ళిన స్తంభాల్ని మార్చే డబ్బు లేదు, డిబెంచర్ల వడ్డీ పేరుకుపోయింది. పక్కనున్న అల్బర్టాలో ప్రభుత్వమే పల్లె తీగల్ని భరించలేక, చవగ్గా రైతుల సంఘాలకు అప్పజెప్పింది. అంటే సస్కాచెవాన్ 1908లో ఎంచుకున్న దారికి అల్బర్టా పాతికేళ్ళకు పైగా ఆలస్యంగా, కష్టకాలం మెడ మీద కూర్చున్నాక వచ్చింది.

ఈ దశాబ్దం ఒక పాత అన్యాయాన్ని బయటపెట్టింది. మంచి నల్లరేగడి లాంటి నేల ఉన్న జిల్లా తక్కువ పన్ను రేటుతోనే బడి నడుపుకోగలదు. ఇసుక నేల జిల్లా ఎంత రేటు వేసినా టీచరు జీతం రాదు. ఒక పిల్లవాడి చదువు వాళ్ళ నాన్న ఏ గడిలో దిగాడన్న దాని మీద ఆధారపడింది. చిన్న ప్రభుత్వం అంటే నాకూ ఇష్టమే. కానీ దాని హద్దు లోపల ఉన్న సంపదే దానికి దిక్కు అయినప్పుడు, పేద హద్దులో పుట్టిన బిడ్డకు అది ఏ మేలూ చేయలేదు. ఈ మాట ఒప్పుకోకుండా ఒక గది బడుల మీద బెంగ పెట్టుకోవడం సరికాదు.

ఒకటి ముందు, ఒకటి వెనక

1944 జూన్‌లో టామీ డగ్లస్ నాయకత్వంలో సీసీఎఫ్ అనే రైతు, కార్మికుల సోషలిస్టు పార్టీ సస్కాచెవాన్‌లో 52 సీట్లకు 47 గెలిచింది. విద్యామంత్రి వుడ్రో లాయిడ్‌కి అప్పటికి ముప్ఫై ఏళ్ళు, స్వయంగా టీచరు. ఆ ఏడాదే లార్జర్ స్కూల్ యూనిట్స్ చట్టం వచ్చింది. ఐదు వేల బడి జిల్లాల్ని దాదాపు అరవై పెద్ద యూనిట్ల కిందికి తేవడం దాని లక్ష్యం. పన్ను రేటు యూనిట్ అంతటా ఒకటే. టీచర్లను పెట్టుకునేది యూనిట్ బోర్డు. పాత ముగ్గురు ట్రస్టీలు ఉన్నారు గానీ, చేతిలో అధికారం లేదు.

చట్టం రాగానే బడులు మూతపడలేదు. మూసింది రోడ్డు. 1950లలో కంకర రోడ్లు పడ్డాయి, మంచు తీసే యంత్రాలు వచ్చాయి, పసుపు బస్సు వచ్చింది. పొలాలు పెద్దవై కుటుంబాలు తగ్గాయి. ఇరవై మంది పిల్లలున్న చోట ఆరుగురు మిగిలారు. పిల్లల నడక దూరం అన్న కొలతకే అర్థం పోయింది. 1960లు ముగిసేసరికి ఒక గది బడి దాదాపు కనుమరుగైంది. కొన్ని భవనాల్ని దుంగల మీద దొర్లించుకుపోయి ధాన్యం కొట్లుగా, కమ్యూనిటీ హాళ్ళుగా వాడుకున్నారు.

ఫోను కంపెనీలు మాత్రం 1970ల దాకా లాక్కొచ్చాయి. బడుల్ని కలిపేసిన ప్రభుత్వమే వీటిని ఎందుకు వదిలేసింది? పిల్లలకు సమాన చదువు అన్నది నైతికంగా తప్పించుకోలేని ప్రశ్న. ఫోనుకు ఆ ఒత్తిడి లేదు. పైగా వెయ్యి కంపెనీల కుళ్ళిన స్తంభాల్ని, అప్పుల్ని నెత్తికెత్తుకోవడానికి ఏ ఖజానా తొందరపడుతుంది? సర్కారు ఫోను శాఖ 1947లో కార్పొరేషన్‌గా మారింది, అదే ఇప్పటి సస్క్‌టెల్. పట్నాలకు డయల్ ఫోన్లు ఇస్తూ, పల్లె తీగలు పల్లె వాళ్ళవే అని ఊరుకుంది.

ఆ తీగలకు అసలు శత్రువు కరెంటు. 1949 చట్టం తర్వాత పల్లెలకు విద్యుత్తు పరుగున వచ్చింది. కరెంటు లైను పక్కనే, భూమిని రెండో తీగగా వాడుకునే ఒంటి తీగ ఫోను లైను ఉంటే, అందులో ఝుమ్మని ఒకటే మోత. మాట వినపడదు. బాగు చేయాలంటే రెండో తీగ లాగాలి, అంటే ఉన్న వ్యవస్థ మొత్తం మార్చాలి. ఇరవై ఇళ్ళ కంపెనీకి అంత డబ్బు ఎక్కడిది? డయల్ ఎక్స్ఛేంజీ వస్తే ఆపరేటరు అక్కర్లేదు, కానీ ఆ ఎక్స్ఛేంజీ ఖర్చు పంచుకోవాలంటే కంపెనీలు కలవాలి. మొదట ఒకదాంట్లో ఒకటి కలిశాయి. తర్వాత సస్క్‌టెల్‌లో కలిశాయి. అల్బర్టా తన ఫోను సంస్థను 1990లో, మానిటోబా 1990ల మధ్యలో ప్రైవేటుకి అమ్మేశాయి. సస్క్‌టెల్ ఈనాటికీ సస్కాచెవాన్ ప్రభుత్వానిదే. పల్లె ఫోను మనది అని రెండు మూడు తరాలు గుంతలు తవ్వి మరీ నేర్చుకున్న జనం దాన్ని అమ్మనివ్వకపోవడంలో నాకు ఆశ్చర్యం లేదు.

చిన్న ఫోను కంపెనీ పోక తప్పదా అంటే, సరిహద్దుకు దక్షిణాన చూడాలి. అమెరికాలో 1936 గ్రామీణ విద్యుదీకరణ చట్టాన్ని 1949లో సవరించి, ఫోను సహకార సంఘాలకూ తక్కువ వడ్డీకి దీర్ఘకాలిక అప్పులు ఇచ్చారు. సస్కాచెవాన్‌లోని ఇరవై ఇళ్ళ కంపెనీకి దొరకనిది సరిగ్గా అదే. నార్త్ డకోటాలో ఆ సంఘాలు బతికి బట్టకట్టాయి. 1996లో యూఎస్ వెస్ట్ అనే పెద్ద కంపెనీ అక్కడి పల్లె ఎక్స్ఛేంజీలను అమ్ముకుంటే కొన్నది ఈ చిన్నవాళ్ళే. ఈ రోజు అక్కడి మారుమూల పొలాలకు కూడా ఫైబర్ ఇంటర్నెట్ వేసింది చాలావరకు వాళ్ళే. అయోవాలో ఇప్పటికీ వందకు పైగా స్వతంత్ర కంపెనీలున్నాయి.

ఆ అమెరికన్ సహకార విద్యుత్ సంఘాల నమూనాకు మనతో ఒక బంధుత్వం ఉంది. వాళ్ళ జాతీయ సమాఖ్య సలహాతో 1960ల చివర్లో మన దేశంలో ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలను ప్రయోగాత్మకంగా పెట్టారు. అందులో ఒకటి సిరిసిల్ల ‘సెస్’. సిరిసిల్ల రైతు కరెంటు బిల్లు కట్టేది తాను సభ్యుడిగా ఉన్న సంఘానికే.

సస్కాచెవాన్‌లో కంకర రోడ్ల కూడలి దగ్గర ఇప్పుడు చిన్న బోర్డులు కనిపిస్తాయి. బడి పేరు, జిల్లా నంబరు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా. వెనక భవనం ఉండదు, గాలికి అడ్డంగా పిల్లలు నాటిన కారగానా పొదల వరస మిగిలి ఉంటుంది. ఫోను కంపెనీలకు బోర్డుల్లేవు. తీగలు చుట్టి పెట్టేశారు, స్తంభాలు కంచెలకు పోయాయి. వాటి జాడ ఉన్నది 1980లో రాష్ట్రం 75 ఏళ్ళ పండుగ చేసుకున్నప్పుడు ఊరూరా రాసుకున్న లావుపాటి చరిత్ర పుస్తకాల్లో. బడికి ఒక అధ్యాయం, ఫోనుకు ఒక అధ్యాయం, రెండింటిలోనూ అవే ఇంటిపేర్లు. ఆ పేజీల్లో ముసలివాళ్ళు డైరెక్టర్ల పేర్లు మరిచిపోతారు, ఏ ఏడాది డయల్ వచ్చిందో తడబడతారు. తమ ఇంటి గంట మాత్రం తప్పు పోరు. రెండు పొడవు, ఒక పొట్టి.